రాత్రివేళ రైతు చేతి దీపము

మన కొండాపురము, కలిగిరి, వరికుంటపాడు ప్రాంతములందు సేద్యము ప్రొద్దు గ్రుంకుటతో ముగియునది కాదు. పొగాకు కాల్చు దినములలో బ్యారను కాచువాడు రాత్రియంతయు మేలుకొని, గంట గంటకు కిటికీ అద్దము గుండ లోపలి ఉష్ణమాపకమును చూచుచుండవలెను. ఎండిన ఆకు వ్రేలాడుచున్న చోటికి కిరసనాయిలు బుడ్డిని తీసికొని పోరాదు. వేరుశనగ చేలపై అడవిపందులు పడుట రాత్రియందే. చేలలో గొఱ్ఱెల మంద పెట్టిన కాపరికి కునుకు లేదు. మోటారు ఆగిపోయినను, నీటి గొట్టము ఊడినను, చీకటిలో గట్టు వెంబడి నడచి పోవలసినవాడు రైతే. కరెంటు వంతుల చొప్పున నడిరేయి వచ్చిన సంవత్సరములలో ఈ నడక ఎట్టిదో మన సభ్యులలో తెలియనివారు లేరు.

గట్టు మీద కాలు పెట్టు చోట ఏమున్నదో కనబడుటయే ఇచ్చట ముఖ్యము. 2000 మొదలు 2019 వఱకు గల 20 సంవత్సరములలో మన దేశమున పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించిరని 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన అంచనా వేసినది. అనగా ఏటికి ఇంచుమించు 58 వేల మంది. ఇందు సగము మరణములు జూను మొదలు సెప్టెంబరు వఱకు గల వానకాలముననే కలిగినవి. మరణములు అధికముగా నున్న 8 రాష్ట్రములలో తెలంగాణముతో కూడిన ఆంధ్రప్రదేశము ఒకటి. కావున మంచి చేతి దీపము వేడుక వస్తువు కాదు. కొడవలి, పార వలెనే అదియు రైతు పనిముట్టు. పనిముట్టును కొనునప్పుడు ఉక్కును మ్రోగించి చూచెదము గదా! దీపమును మాత్రము పెట్టె మీది అంకెలు చూచి కొనుచున్నాము. ఆ అంకెలలో నిజమెంత, దీపము లోపల జరుగునదేమి అను సంగతులను ఇచ్చట వివరించెదను.

మన పల్లెలలో ‘బ్యాట్రీ’ యని పిలువబడు ఈ దీపము పుట్టి నూట ఇరువదియైదేండ్లు దాటినది. గొట్టము వంటి పిడిలో సెల్లులను ఒకదాని వెనుక ఒకటి పేర్చి, కొనయందు బల్బును, దాని వెనుక అద్దమును అమర్చిన దీపమునకు డేవిడ్ మిసెల్ అనునతనికి అమెరికాలో 1899వ సంవత్సరము జనవరి 10వ తేదీన పేటెంటు లభించినది. ఆనాటి సెల్లులు బలహీనములు. బల్బులోని బొగ్గు తీగ కరెంటును మిక్కిలిగా త్రాగెడిది. అందుచేత దీపమును నిలిపి వెలిగించుటకు వీలులేక, క్షణము వెలిగించి ఆర్పుచుండెడివారు. ఇంగ్లీషులో దానికి ‘ఫ్లాష్ లైటు’ అను పేరు వచ్చుటకు కారణమిదే. ఎవరెడీ కంపెనీ 1934లో కలకత్తాలో స్థాపింపబడిన పిదప ఆ ఎఱ్ఱ సెల్లులు మన అంగళ్లకు విరివిగా వచ్చినవి. జపాను దేశపు మత్సుషితా కంపెనీ సాయముతో 1972లో ఏర్పడిన ఇండో నేషనల్ కంపెనీ, నిప్పో సెల్లులను చేయు కర్మాగారమును నాటి మన నెల్లూరు జిల్లాలోని తడయందే పెట్టినది. తడ 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది.

ఆ మూడు సెల్లుల పాత టార్చిలైటు సంగతి ముందు చూతము. ఒక్కొక్క సెల్లు 1.5 వోల్టులు. మూడును కలిసి 4.5. సెల్లుల బరువే పావు కిలోకు మించును. బల్బు సుమారు 2 వాటుల శక్తిని పుచ్చుకొని 20 ల్యూమెనుల వెలుతురును ఇచ్చెడిది. ల్యూమెను అనగా దీపము నుండి నలుదిక్కులకు వచ్చు మొత్తము వెలుతురునకు కొలత. ఒక క్రొవ్వొత్తి వెలుతురు సుమారు 12 ల్యూమెనులు. ఇంటిలో వాడు 9 వాటుల ఎల్.ఇ.డి. బల్బు 800 నుండి 900 వఱకు ఇచ్చును. తీగ బల్బులో శక్తి యంతయు ముందు తీగను కాల్చుటకే పోవును. కాలిన తీగ వెలుతురుగా విడుచునది రవ్వంత మాత్రమే. ఇక జింకు సెల్లులో బయటి డబ్బాయే ఋణధ్రువము. వాడుకొలది ఆ డబ్బాయే కరగును. కరిగి చిల్లులు పడినప్పుడు లోని రసము కారి స్ప్రింగును తినివేయును. వాడుక లేని దినములలో సెల్లులను తీసి పెట్టుమని పెద్దలు చెప్పినది ఇందుకే. తగ్గిన సెల్లును ఎండలో పెట్టి మరల రెండు దినములు వాడుకొనుటయు మనకు తెలిసినదే. ఎండ వేడికి లోని రసాయన క్రియ కొంత చుఱుకగునే కాని, కరిగిపోయిన జింకు మరల రాదు.

ఈ స్థితిని మార్చినవి రెండు. మొదటిది ఎల్.ఇ.డి. జపానులోని నిచియా కంపెనీలో పనిచేయుచుండిన షుజి నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని ప్రకటించెను. దానిపై పసుపు రంగు పూత పూయగా, నీలము పసుపు కలిసి కంటికి తెల్లని వెలుతురుగా తోచును. ఇట్టి తెల్ల దీపము 1996లో వెలువడినది. నీలి ఎల్.ఇ.డి.ని సాధించినందుకు నకమురాకును, అకసాకి, అమనో అనువారికిని 2014లో నోబెలు బహుమానము లభించినది. రెండవది లిథియం సెల్లు. సోనీ కంపెనీ దీనిని 1991లో మొదట విక్రయించినది. దీనిని సాధించిన గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనువారికి 2019లో నోబెలు బహుమానము ఈయబడినది.

నేడు చిన్న దీపములలో నుండు సెల్లుపై 18650 అను అంకె కనబడును. ఇది దాని బలము కాదు, కొలత. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు అని అర్థము. చివరి సున్న గుండ్రని ఆకారమునకు గుర్తు. బొటనవ్రేలియంత ఈ సెల్లు 45 నుండి 50 గ్రాములు మాత్రమే తూగును. సుమారు 3.6 వోల్టుల ఒత్తిడితో 3,000 మిల్లీ ఆంపియరు గంటల నిల్వ గలది. రెంటిని గుణించిన 10.8 వాటు గంటలు. ఇది ధాన్యపు గాదె వంటిది. గాదెలో 10 బస్తాలున్నప్పుడు దినమునకు బస్తా చొప్పున వాడిన పది దినములు వచ్చును. పది బస్తాలను ఒక్కనాడే వాడిన మరునాటికి లేదు. మంచి దీపము తన మధ్యనున్న యంత్రభాగముల నష్టము పోగా వాటునకు 100 ల్యూమెనులు ఇచ్చుననుకొందము. 100 ల్యూమెనులకు ఒక వాటు చాలును గనుక 10 గంటలు వెలుగును. 1,000 ల్యూమెనులకు 10 వాటులు కావలయును గనుక గంట మాత్రమే వచ్చును.

ఈ ఒక్క లెక్క తెలిసినచో మోసములు సగము బయటపడును. అరచేతిలో ఇముడు దీపము పెట్టెపై ‘10,000 ల్యూమెనులు, 10 గంటలు’ అని వ్రాసియుండుట సామాన్యము. వాటునకు 150 ల్యూమెనుల చొప్పున ఉదారముగా లెక్క కట్టినను, 10,000 ల్యూమెనులకు 67 వాటులు. పది గంటలకు 670 వాటు గంటలు. మనము పైన చెప్పిన సెల్లులు 60కి పైగా కావలయును! ఒక్క సెల్లుతో ఇది ఎట్లు కుదురును? అట్లే సెల్లుపైన 9,900 అని ముద్రించి అమ్ముచున్నారు. ఈ కొలత గల సెల్లులలో పేరుపొందిన కంపెనీలవి 2,500 నుండి 3,500 వఱకే యుండును. మిక్కిలి గొప్పవి కొద్దిగా మించవచ్చును. కిరాణా దుకాణపు ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టి చూడుడు. 45 గ్రాములకు చాల తక్కువ తూగినచో లోపల సరుకు లేదని గ్రహింపవలెను. అచ్చు వేసిన అంకె కంటె తూకము నిజము చెప్పును.

ఇక చిన్న దీపములో పెద్ద వెలుతురు పెట్టుటలో గల అసలు చిక్కు వేడి. పాత బల్బు తన వేడిని వెలుతురుతో పాటు ముందునకే విసరెడిది. ఎల్.ఇ.డి. అట్లు చేయదు. అది పుచ్చుకొన్న శక్తిలో సగమునకు మించి వేడిగా మారి, దాని వీపు వైపున నిలిచిపోవును. గోటియంత చోట పుట్టిన ఆ వేడిని వెంటనే తప్పింపకున్నచో వెలుతురు తగ్గును, రంగు మారును, తుదకు మాడిపోవును. అందుచేత మంచి దీపములో ఎల్.ఇ.డి.ని రాగి పలకపై నేరుగ అతికి, ఆ పలకను దళసరి అల్యూమినియపు దిమ్మకు సందులేకుండ బిగించి, దిమ్మను పై తొడుగుతో ఏకము చేయుదురు. రాగి వేడిని అల్యూమినియము కంటె ఇంచుమించు రెండింతలు వేగముగా పంపును. అల్యూమినియము తేలిక, చవుక. కావున వేడి పుట్టు చోట రాగియు, వెదజల్లు చోట అల్యూమినియమును ఉండుట మంచి పొందిక. తలకట్టునకు చుట్టును రెక్కల వంటి గాడులు తీయుట గాలికి తగులు వైశాల్యమును పెంచుటకే గాని అందమునకు కాదు. చవుక దీపములలో ఎల్.ఇ.డి. వెనుక డొల్ల యుండును. వ్రేలితో తట్టినచో రేకు మ్రోత వినవచ్చును.

ఇంత చేసినను చేతిలో ఇముడు లోహపు గొట్టము ఎడతెగక వదలగల వేడి కొద్ది వాటులకు మించదు. గావున 1,000 ల్యూమెనుల చిన్న దీపము మొదట అంత వెలిగి, కొన్ని నిమిషములలో తానే 400కో, 300కో దిగును. ఇది లోపము కాదు. లోపలనున్న యంత్రము వేడిని కనిపెట్టి తనను కాపాడుకొనుట. దిగనిచో సందేహింపవలెను! చేయి కాలును, సెల్లు చెడును. మన వేసవి రాత్రులలో గాలియే వెచ్చగా నుండును గనుక ఈ దిగుట మరింత త్వరగా జరుగును. అందుచేత పెద్ద అంకె కంటె, ‘నిలుకడగా ఎంత వెలుతురు ఎన్ని గంటలు’ అను ప్రశ్నయే రైతు అడుగవలసినది. అమెరికాలో 2009లో ఏర్పడిన ఎఫ్.ఎల్.1 అను ప్రమాణము ప్రకారము వెలుతురును దీపము వెలిగించిన 30 సెకండ్ల నుండి 2 నిమిషముల లోపల కొలుతురు. వెలుగు కాలమును మాత్రము, ఆ వెలుతురు పదవ వంతునకు దిగు వఱకు లెక్కింతురు. ప్రమాణము నిజమైనదే గాని, ఒక కొనను ప్రారంభపు గొప్పతనమును, మరియొక కొనను మిణుకుమిణుకు మను కాలమును చేర్చి చెప్పుట వలన చదువరి భ్రమపడుట కలదు.

సెల్లుకును ఎల్.ఇ.డి.కిని నడుమ ‘డ్రైవరు’ అనబడు చిన్న బిళ్ల యుండును. ఎల్.ఇ.డి. స్వభావము విచిత్రము. 3 వోల్టుల చెంత ఒత్తిడి రవ్వంత పెరిగిన కరెంటు ఎన్నో రెట్లు పెరుగును. కాలువ తూము వలె దీనిని అదుపులో పెట్టుటయే డ్రైవరు పని. సెల్లు నిండుగా నున్నప్పుడు 4.2 వోల్టులు, ఖాళీ యగునప్పటికి 3కు దిగును. మంచి డ్రైవరు ఈ మార్పును సరిపుచ్చి, మొదటి గంటలోను నాలుగవ గంటలోను ఒకే వెలుతురును ఇచ్చును. సెల్లు మఱీ దిగిపోక ముందే ఆపివేయును. చవుక దీపములో దీనికి బదులు ఒక్క రెసిస్టరు మాత్రమే యుండును. అది మొదటి పావుగంట కండ్లు మిఱుమిట్లు గొలుపును, ఆపైన క్రమముగా క్రుంగిపోవును. అంగడిలో కొనునప్పుడు చూచునది ఆ మొదటి నిమిషమునే గదా.

దూరము సంగతి వేరు. మొత్తము వెలుతురు ఎంత యున్నను, దానిని ఒక వైపునకు కూర్చినప్పుడే దూరము పోవును. ఇట్లు ఒక దిక్కున గల తీవ్రతకు కాండెలా అని కొలత. ఇంటి 900 ల్యూమెనుల బల్బు నలుదెసలకు చల్లుట చేత ఒక్క వైపు సుమారు 70 కాండెలాలే. అదే వెలుతురును గుంటటద్దము సన్నని ధారగా కూర్చిన వేలకు చేరును. దీపము దూరమును, నిండు పున్నమి వెన్నెలతో సమానమైన పావు లక్సు వెలుతురు పడు చోటి వఱకు లెక్కింతురు. 10,000 కాండెలాలకు ఇది 200 మీటర్లు. దూరము రెట్టింపై 400 మీటర్లు కావలెనన్న తీవ్రత రెండింతలు చాలదు. నాలుగింతలు, 40,000 కావలెను. వెన్నెల వెలుతురులో పంది పొద వెనుక నున్నదో లేదో తేలదు గనుక, వ్రాసిన దూరములో సగమే మనకు పనికివచ్చునని నా అభిప్రాయము. ధార యెంత దూరము పోవునన్నది ఎల్.ఇ.డి. ముఖము యొక్క కాంతి గాఢత, అద్దపు వెడల్పు అను రెంటిపై ఆధారపడును. రూపాయి బిళ్లయంత అద్దమున్న ఎల్.ఇ.డి. దీపమునకు 2 కిలోమీటర్ల దూరము వ్రాసియున్న నమ్మకుడు. అంత దూరమునకు అరచేయి వెడల్పు అద్దము కావలయును. లేజరుతో చేయు ప్రత్యేక దీపములు వేరు. అవి మన పనికి అనవసరము, కంటికి అపాయము.

సామర్థ్యమును పరీక్షించుటకు యంత్రములు కొననక్కఱలేదు. చేతి ఫోనులో వెలుతురు కొలుచు ఉచిత సాధనము దొరకును. చీకటి గదిలో గోడకు 5 మీటర్ల దూరమున దీపమును నిలిపి, గోడ వద్ద ధార నడుమ ఫోనును పట్టి లక్సు అంకెను చూచి, దానిని 25తో గుణించిన కాండెలాలు వచ్చును. 400 లక్సు కనబడిన 10,000. ఫోను కొలత రెండింతలు మూడింతలు తప్పు చెప్పవచ్చునే గాని, రెండు దీపములలో ఏది మేలో తేల్చుటకు చాలును. పది నిమిషముల తరువాత మరల కొలిచిన దాని నిలుకడయు తెలియును.

గట్టు మీద నడచుటకు మాత్రము సన్నని ధార పనికిరాదు. ముందు పది అడుగుల మేర, ప్రక్కలతో సహా మెత్తగా పఱచుకొను వెలుతురు కావలెను. దానికి 100 ల్యూమెనులు చాలును. లోపలి అద్దము నున్నగా గాక నారింజ తొక్కవలె గరుకుగా నున్నచో ధార అంచులు మెత్తబడును. ముందునకు వెనుకకు జరుగు భూతద్దము గల దీపములు చూపునకు బాగుండును గాని, సన్నబఱచినప్పుడు ప్రక్కలకు పోవు వెలుతురు గొట్టము లోపలనే వృథాయగును.

రంగును గూర్చియు ఒక మాట. నీలి ఛాయ గల తీవ్రమైన తెల్ల వెలుతురు కంటికి ఎక్కువగా తోచును. కాని అందులో ఎఱుపు తక్కువ. మన నేలలపై ఎండుటాకుల నడుమ చుట్టుకొనియున్న చిన్నపింజరి మచ్చలును, మట్టియు ఆ వెలుతురులో ఒకే బూడిద రంగుగా కలిసిపోవును. కొంచెము పసుపు ఛాయ గలది, పెట్టెపై 4,000 నుండి 5,000 కెల్విన్లు అని గలది మేలు. రంగులను ఉన్నవి ఉన్నట్లు చూపు గుణమునకు సి.ఆర్.ఐ. అని అంకె వేయుదురు. 90 ఉన్నది ఉత్తమము. అంకె పెరిగిన కొలది వెలుతురు కొంత తగ్గును. ఆ నష్టమును సంతోషముతో భరింపవచ్చును.

పట్టుకొను తీరును బట్టియు చూపు మారును. దీపమును మోకాలి యెత్తున పట్టినచో గడ్డి పరకకు, రాతికి, పాము ఒంటికి పొడవైన నీడలు పడి తెలియవచ్చును. నుదుట కట్టు దీపములో వెలుతురును చూపును ఒకే చోటి నుండి పోవుట చేత నీడలు కనబడవు, నేల చదునుగా తోచును. పైగా పురుగులన్నియు ముఖము మీదికే వచ్చును! మరమ్మతు పనికి అది మంచిదే, నడకకు కాదు. అడుగున అయస్కాంతము గల దీపము దొరకిన, మోటారు స్టార్టరు ఇనుప పెట్టె ప్రక్కన దాపునగల ఇనుమునకు అంటించి, చేయి ఖాళీగా నుంచుకొని పని చూచుకొనవచ్చును. తడి చేతితో పెట్టె ముట్టరాదని వేరుగా చెప్పనేల. ఎంత మంచి దీపమున్నను చేతిలో కఱ్ఱ, కాళ్లకు బూట్లు మానరాదు. కాటు తగిలినచో కట్టు బిగింపక, గాయము కోయక, ఆ మనిషిని కదలనీయక ఆసుపత్రికి చేర్పవలెను.

నీటి విషయమున ఐ.పి.ఎక్స్. అను గుర్తు చూడవలెను. 4 అన్న వాన తుంపరలకు తట్టుకొనును. 7 అన్న మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను చెడదు. కాలువలో జారవిడుచు మనకు 7 ఉండుట మేలు. మూత దగ్గరనున్న రబ్బరు వలయమే నీటిని ఆపునది. ఏటికి రెండుమార్లు దుమ్ము తుడిచి సిలికోను గ్రీజు సన్నగా రాయవలెను. కిరసనాయిలు తగిలిన కొన్ని రబ్బరులు ఉబ్బి చెడును.

లిథియం సెల్లు బలమైనదే గాని కోపిష్ఠి. విడి సెల్లును తాళపుచెవులతో, చిల్లరతో కలిపి జేబులో వేసిన రెండు ధ్రువములు కలిసి నిప్పు పుట్టవచ్చును. తొక్కకు చిరుగు పడినదానిని, ఉబ్బినదానిని వాడరాదు. తిరగబెట్టి ఎక్కింపరాదు. ఎండలో నిలిపిన మోటారు సైకిలు పెట్టెలో దీపమును వదలరాదు. వేడి దాని ఆయువును తినివేయును. నెలల తరబడి దాచవలసినచో నిండుగా గాక సగము ఛార్జితో దాచవలెను. మన ఇండ్లలో నున్న పాత సీసపు బ్యాటరీ ఛార్జింగు లైట్ల తీరు దీనికి విరుద్ధము. వానిని ఖాళీగా విడిచిన లోపల గడ్డకట్టి మరల లేవవు. వాడినను వాడకున్నను నెలకొకమారు నిండుగా ఛార్జి చేయవలెను. ఈ రెంటిని ఒకే విధముగా చూచుట వలననే అనేక దీపములు ఏడాది తిరుగక మూలబడుచున్నవి.

ఎరువులు, విత్తనములు కలిసి తెప్పించునట్లే దీపములను కూడ సంఘము ద్వారా తెప్పించుట మేలని నా మనవి. విడిగా సంతలో కొన్నవానికి చెడినప్పుడు అడుగ దిక్కు లేదు. ముందు రెండు మూడు రకముల మాదిరులను ఒక్కొక్కటి తెప్పించి, కమిటీ వారు తూకము, గోడపై కొలత, పది నిమిషముల నిలుకడ, బక్కెట నీటిలో అరగంట, నడుమెత్తు నుండి మట్టి నేలపై పాటు అను పరీక్షలు చేసి, నిలిచిన దానినే కోరవలెను. సెల్లు తీసి మార్చుటకు వీలున్నదిగా నుండవలెను. లోపల మూసివేసి యతికినదైన, సెల్లు ఆయువు తీరిన మూడు నాలుగేండ్లకు దీపమంతయు పాఱవేయవలసి వచ్చును. ఆయువు తీరిన సెల్లులను పెంటకుప్పలో గాని పొయ్యిలో గాని వేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వానిని తిరిగి తీసికొను బాధ్యత ఉత్పత్తిదారులది. అంతవఱకు రెండు కొనలకు ప్లాస్టరు అంటించి, సంఘము కార్యాలయమున ఒక పొడి డబ్బాలో వేసి యుంచినచో చాలును.